వన్నూరమ్మ చేను పడిన ఫోటో

నేను ఒక ఫిల్ము కెమెరాను. పుట్టింది జపానులో, బతుకంతా రాయదుర్గంలో. మద్రాసు బజారులో ఫోటో స్టూడియో దస్తగిరి నన్ను గీచి గీచి బేరమాడి కొన్న రోజు, ఇక కొండలూ సముద్రాలూ చూస్తాననుకున్నాను. చూపించాడు కూడా, స్టూడియో పరదా మీద రంగులతో వేసినవి! వాటి ముందు పెళ్ళికొడుకులు బిగుసుకుని నిలబడేవారు. నవ్వమంటే మనుషులు భయపడతారనీ, భయపడొద్దంటే ఊపిరి బిగబడతారనీ అక్కడే తెలుసుకున్నాను.

ఒక ఆషాఢంలో వన్నూరమ్మ స్టూడియోకు వచ్చింది. హగరి ఏటి ఒడ్డున, ఒక పల్లెలో ఆమెకు వేరుశనగ చేను ఉంది. ఏటి ఇసుక గాలికి లేచి, దిబ్బలుగా జరిగి వచ్చి, ఆ పల్లె చేలను ఒక్కొక్కటే మింగుతోంది. అడ్డంగా చెట్లు నాటించమని ఊరంతా మొత్తుకుంది. అధికారులు గాలి లేని చలికాలంలో వచ్చి, "ఇసుక ఎక్కడిదక్కడే ఉందిగా" అని జీపెక్కారు. అది కదిలేటప్పుడు ఫోటో తీసి చూపిస్తే తప్ప చేను దక్కదని ఆమె దస్తగిరిని వెంటబెట్టుకుని బయలుదేరింది.

మేము చేరేసరికే ఆకాశం ఎర్రబారింది. దిబ్బ మీది దుమ్ము లేచి ఒక్కసారిగా మా మీద పడింది. దస్తగిరి నన్ను కంటికి ఆనించుకున్నాడు. దిబ్బ లేదు, చేను లేదు, ఏరు లేదు. ఎటు తిప్పినా ఒకటే మట్టిరంగు. అలా తీస్తే దుమారం పడదు, ఉత్త మరక పడుతుంది. నా కీళ్ళలో ఇసుక దూరి కరకరమంటోంది. నాకు నిజంగా భయం వేసింది.

"ఏమన్నా అగపడతాందా అన్నా?"

"ఏమీ ల్యాదక్కా. అంతా దుమ్మే."

అప్పుడతనికి స్టూడియో బుద్ధి పుట్టింది. మనిషి లేని ఫోటో అతను జన్మలో తీసి ఎరుగడు. "చేన్లోకి పోయి నిలబడక్కా. గడ్డం కొంచెం పైకెత్తు. నేను చెప్పేదాకా కదలాకు" అన్నాడు, పరదా ముందు చెప్పినట్టే.

ఆమె కొంగు సర్దుకుని నిలబడింది. అతను నొక్కాడు. దుమ్ము కమ్మేసింది. కాస్త తెరిపి ఇవ్వగానే మళ్ళీ నొక్కాడు. గాలికి ఊగిపోతున్నా ఆమె అడుగు తీయలేదు. మొదటి ఫోటోలో ఆమె కాళ్ళ చుట్టూ లేత మొక్కలు. తర్వాత వాటి కొనలు మాత్రమే. ఆఖరిదానిలో పచ్చన లేదు, ఆమె పాదాలూ లేవు.

"ఇంగ కదలొచ్చునా?" అని అరిచింది.

దొరికిందన్న సంబరంలో దస్తగిరి నా అద్దాన్ని భుజం మీది తువ్వాలుతో గట్టిగా తుడిచాడు. తువ్వాలు నిండా ఇసుకే. నా కన్ను గీతలు పడిపోయింది.

ఫోటోలు చూడగానే ఆఫీసులో అధికారులు చెట్లకు ఒప్పుకున్నారట. వానలు పడగానే చెట్లు నాటారు. ఊరు బతికింది. చెట్ల వరుస ఎక్కడ వేయాలన్నది కూడా ఆ ఫోటోలు చూసే తేల్చారు. ఇసుక పాదాలు ముంచిన చేను ఎలాగూ పోయినట్టే అనుకుని, ఊరికీ ఆమె చేనికీ మధ్య వేశారు. ఆమె చేను ఇసుక వైపే ఉండిపోయింది.

ఇప్పుడు నేను స్టూడియో అద్దాల బీరువాలో కూర్చుని ఉన్నాను. వన్నూరమ్మ మళ్ళీ వచ్చిన రోజు దస్తగిరి తలెత్తలేకపోయాడు.

"నేను అంత బాగా తీయకుండా ఉండాల్సిందక్కా."

ఆమె ఫోటోలన్నీ ఒకటొకటిగా చూసి, ఆఖరిదాన్ని బోర్లా పెట్టింది. మొదటిదాని మీద, తన కాళ్ళ దగ్గర, వేలు ఆనించింది.

"దీన్ని పెద్దది చేసియ్యన్నా. మా చేను బాగా పడింది."