ఒక వాషర్ ఎక్కువ

బోధన్ బస్టాండు వెనక భోజన్నకు కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు ఉంది. రెండేళ్ల కింద స్కూటర్ మీద నుంచి పడి కుడిచెయ్యి విరిగినప్పుడు, షెడ్డు మూతపడకుండా భార్య రుక్మాబాయి పానా పట్టుకుంది. అతను కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఆమె చేసేది. ఆరు నెలలకు చెయ్యి అతుక్కుంది. అప్పటికే వచ్చేవాళ్లంతా "అక్క లేదా?" అని అడగడానికి అలవాటు పడ్డారు. ఆ మాట విన్నప్పుడల్లా భోజన్నకు చురుక్కుమనేది. పని నేర్పిన తనను ఎవరూ అడగరేం?

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే కోటగిరి నుంచి బసవయ్య వచ్చాడు. తాతల నాడు గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న కుటుంబం. బయల్దేరినప్పుడు ఏసీ చల్లగానే ఉంటోందని, అరగంటకల్లా వేడి గాలి కొడుతోందని చెప్పాడు. భోజన్న పైపు ముట్టి చూసి, కంప్రెసర్ పోయింది, మొత్తం మార్చాల్సిందేనన్నాడు.

రుక్మాబాయి ఇంజను నడుస్తుండగానే వంగి, కంప్రెసర్ ముందున్న క్లచ్ పలకను సుత్తి కర్రతో మెల్లగా నెట్టింది. పలక టక్కున అతుక్కుని తిరగసాగింది. కాసేపటికి పైపు చల్లబడింది.

"కంప్రెసర్ మంచిగనే ఉన్నది. క్లచ్ అరిగింది, వేడైతే పట్టుకుంటలేదు. గదొక్కటి మారిస్తే సాలు," అంది.

బసవయ్య మొహం విప్పారింది. "నీ చెయ్యి పడితే నాకు ధైర్యమమ్మా," అన్నాడు. భోజన్న పక్కనే ఉన్నాడన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

కొత్త క్లచ్ కోసం భోజన్న నిజామాబాద్ బస్సెక్కాడు. అక్కడ విడిభాగాల దుకాణం రామ్‌దాస్ పెట్టె తీసిస్తూ, అక్క పంపిందా అని అడిగాడు. తిరుగు దారంతా ఆ మాటే చెవిలో మోగింది.

మధ్యాహ్నం రుక్మాబాయి బెల్టు తీసి, పాత పుల్లీ, కాయిల్ ఊడదీసి కొత్తవి ఎక్కించింది. పలకకూ పుల్లీకీ మధ్య సందు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి; పెరిగితే వేడెక్కాక పలక పట్టుకోదు. పలక వెనక పలుచటి వాషర్లు రెండు పెట్టి, సందు కొలిచి, బోల్టు బిగించింది. బసవయ్యకు చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లింది.

భోజన్న బోల్టు విప్పాడు. ఇంకో వాషర్ వేసి మళ్లీ బిగించాడు. ఎంతోసేపు పట్టలేదు. చెమట మాత్రం ధారగా కారింది.

మూడోరోజు కారు మళ్లీ అదే వేడి గాలితో తిరిగొచ్చింది. బసవయ్య కోప్పడలేదు. ముందు సీట్లో భార్య రత్తమ్మ తడి తువ్వాలు మెడకు చుట్టుకుని నీరసంగా కూర్చుంది. "నువ్వు చెప్పిందే నిజమేమో భోజన్నా, కంప్రెసరే మార్చాలేమో," అన్నాడు.

రెండేళ్లుగా భోజన్న వినాలనుకున్న మాట అది. విన్నాడు గానీ సంతోషం కలగలేదు.

రుక్మాబాయి బోల్టు విప్పి పలక లాగింది. అరచేతిలో మూడు వాషర్లు పడ్డాయి. వాటిని చూసింది, తర్వాత భర్తను చూసింది. బసవయ్య వైపు తిరిగి, "నాదే తప్పు సారూ. ఒక వాషర్ ఎక్కువ ఏసిన," అంది.

భోజన్నకు అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తన తప్పును కూడా ఆమే తీసేసుకుంటోంది. దాంట్లో కూడా ఆమే పెద్దది కావాలా?

"ఆమె ఏయలే. నేనే ఏసిన," అన్నాడు.

బసవయ్య ఇద్దరినీ చూసి, రత్తమ్మకు నీళ్లు తెస్తానంటూ బయటికి నడిచాడు. రుక్మాబాయి సందు సరిచేసి, కారును పంపించింది. అప్పుడు అడిగింది.

"ఎందుకు ఏసినవ్?"

"అందరు నిన్నే అడుగుతుండ్రు. నన్నెవరు అడుగుతలేరు."

"నీ చెయ్యి ఇరిగినప్పుడు అన్నం గూడ నేనే కలిపి పెట్టిన. గప్పుడు నాతోని పోటీ పడ్డవా?" ఆమె పానాను పెట్టెలో పడేసింది. "ఇగ నేను బిగిచ్చిన బోల్టు నువ్వు ముట్టకు."

అతను తలూపాడు. నాలుగు రోజులు ఆమె తను బిగించిన ప్రతి బోల్టునూ రెండోసారి చూసుకుంది.

తర్వాతి వారం పోచంపాడ్ నుంచి ఒకాయన కారు తెచ్చి, అక్క లేదా అన్నాడు. భోజన్నకు లోపల మళ్లీ చురుక్కుమంది. అది పోలేదు, ఇప్పట్లో పోయేలా కూడా లేదు. అయినా షెడ్డు లోపలికి తిరిగి, "రుక్మా, నీకోసం వచ్చిండ్రు," అని పిలిచి, కారు బానెట్ తానే ఎత్తి పట్టుకున్నాడు.