గాలికి వంగే అక్షరాలు

విడవలూరు దగ్గర సముద్రపు గట్టున పడవలకు పేర్లు రాసేది ఎలిశబెతు. తెల్లారి లేస్తే జాలర్లు ముందు ఆ పేర్ల వంక చూసేవాళ్లు. అక్షరాలు నిటారుగా ఉంటే వేటకు పోవడం, పడమటికి వాలి ఉంటే గాలివాన వస్తుందని వలలు కుట్టుకుంటూ గట్టునే కూర్చోవడం.

అరవై మూడులో నెల్లూరులో చిత్రకళా పాఠశాల పెట్టినారు. బోర్డు మొదలు సర్టిఫికెట్ల దాకా అన్నిటికీ ఒకే తీరు అక్షరాలు, ఇంకెక్కడా లేనివి, కావాలన్నాడు ప్రిన్సిపాలు రంగనాయకులు. ఆ పని ఎలిశబెతుకు అప్పజెప్పినాడు. కుదిరితే అక్కడే ఉద్యోగం. ఆమె రెండు నెలలు వంచిన తల ఎత్తలేదు. ఒక్క తలకట్టు కోసమే ఇరవై కాగితాలు చించింది. తమ్ముడు తిమోతి కొత్త పడవ దించినాడు. దానికి పేరు రాయడానికి తీరిక చిక్కలేదు. రేపు, రేపు అంటూ వచ్చింది.

నవంబరులో ఒక పొద్దున ఆమె రాసిన అట్టలు తెచ్చి ప్రిన్సిపాలు బల్ల మీద పరిస్తే, అక్షరాలన్నీ పడమటికి వాలి ఉన్నాయి.

"తీరు బాగుందమ్మా. కానీ గాలికి వంగేవి బోర్డుకి పనికిరావు. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ఆ లోపల నిలబెట్టియ్యి," అన్నాడు రంగనాయకులు.

పేరున్న పడవలు ఈ రోజు కదిలి ఉండవు. పేరు లేనిది ఒక్కటే.

"మా తమ్ముడు సముద్రం మీద ఉన్నాడండీ," అని అట్టలు అక్కడే వదిలేసి బస్సు పట్టుకుంది.

గట్టున పడవలన్నీ ఉన్నాయి, తిమోతిది తప్ప. "చీకటితోనే పోయినాడమ్మా," అన్నాడు వల కుట్టుకుంటున్న జాలరి పోలేరయ్య. ఆమె తెల్లటి తెరచాప ఇసుకలో పరిచి, తారులో కుంచె ముంచి, పాఠశాల కోసం దిద్దిన 'రా' ఒక్కటే మనిషెత్తున రాసింది. నలుగురూ కలిసి సరుగుడు కర్రలకు కట్టి పైకెత్తినారు. గుడ్డ బిగుసుకుని నిలబడింది. అక్షరం మాత్రం ముందుకు వంగింది, చెయ్యి చాచినట్టు.

నాలుగు దాటింది. తూర్పు నల్లబడింది. కర్ర పట్టుకున్న ఎలిశబెతు చేతులు తిమ్మిరెక్కినాయి, వదల్లేదు.

మొదటి గాలి విసురుతో పాటే అలల మధ్య పడవ ముక్కు కనిపించింది. అందరూ నడుములోతు నీళ్లలోకి దిగి లాగినారు. తిమోతి ఇసుకలో చతికిలబడి, రొప్పుతూ తెరచాప వైపు చూసినాడు.

"ఏం రాసినావక్కా? నాకు చదువు రాదు గదా. ఎవరో పిలిచినట్టుంటే తిరుక్కున్నా."