తాళం పగల్లేదు

పుంగనూరు పంచరు షాపు దగ్గర జీపు దొరికింది. ఆరుగురు తాండా ఆడవాళ్ళు దానికి అడ్డంగా కూర్చున్నారు. వెనక గోనెపట్టాలో చుట్టిన నగారాను సుభద్రమ్మ రెండు చేతులా వాటేసుకుని వదలడం లేదు.

"అమ్మా, నేను బాడుగ డ్రైవర్ని. రామసముద్రం రోడ్డు పక్కన మూట ఉంటాది, కుప్పంలో షావుకారుకి ఇయ్యమన్నారు. ఎవురు పెట్టినారో నాకేం తెల్సు?" అన్నాడు తాహిర్.

"ఎవురూ పెట్టకుండానే నీ బండెక్కిందా? కాళ్ళుండాయా దానికి?" అంది ఈశ్వరమ్మ.

తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంటా తిరిగిన కాలంనాటి నగారా అది. పాత సామాను కాపాడండని మదనపల్లె ఆఫీసుల చుట్టూ రెండేళ్ళు తిరిగినా ఒక్కడూ పట్టించుకోలేదు. విసిగిపోయి, 1997లో తాండా ఆడవాళ్ళే మట్టిగోడలు లేపి గది కట్టుకున్నారు. అద్దాల లంగాలు, ముసలోళ్ళ పాటలు పట్టిన క్యాసెట్లు, నడుమ నగారా. ఈ పొద్దు తలుపు తీస్తే నగారా లేదు.

ఎస్సై పోలీసు బండి చిరాగ్గా దిగాడు. "పాత డోలుకి ఇంత రభసా? మీ మనిషే ఇష్టపడి ఇచ్చాడని షావుకారు ఫోన్లో చెప్పాడు. కాదంటే దొంగ పేరు చెప్పండి. లేదా జీపు వదిలేస్తా. సాయంత్రం రైలుకి ఆ డోలు బెంగుళూరు పోతుందంట."

"నా తాండాలో దొంగ లేడు సార్!" వెంట వచ్చిన మగాళ్ళందరికన్నా గట్టిగా అరిచాడు తాండా పెద్ద నాయక్, సుభద్రమ్మ మొగుడు. "బయటోడెవుడో తాళం పగలగొట్టినాడు."

తాళం పగల్లేదు. తెల్లారుజామున మొగుడు గది తాళంచెవి తీసుకుపోవడం సుభద్రమ్మ కళ్ళారా చూసింది. అడిగితే, "ఎలకలు పడినాయంట, సూసొస్తా" అన్నాడు. పోయిన నెల బోరు మోటారు ఇప్పిస్తానని కుప్పం షావుకారు మొగుడికి ఆశపెట్టిన సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఆయనే సార్," అని గడ్డంతో చూపించింది.

"ఇక్కడ పదిమంది ఆయనలున్నారు. పేరు చెప్పమ్మా, రాసుకోవాలి."

సుభద్రమ్మ ఈశ్వరమ్మ వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ పేరు ఒక్కసారీ పలికింది లేదు. పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని అత్త చెప్పింది. రేషన్ కార్డుకైనా, ఓటుకైనా ఈశ్వరమ్మే చెప్పిపెట్టేది.

"నువ్వు సెప్పు ఈశ్వరమ్మా."

ఈశ్వరమ్మ తల దించుకుంది. "నేను సూడలే కదక్కా."

నాయక్ నవ్వాడు. "దీనికి మతి సెడిపోయిండాది సార్. పేరు సెప్పమనండి, సూద్దాం!"

ఎస్సై పుస్తకం మూశాడు. కానిస్టేబుళ్ళు ఆడవాళ్ళను పక్కకు లేపారు. తాహిర్ జీపు స్టార్ట్ చేశాడు. గోనెపట్టా సుభద్రమ్మ వేళ్ళలోంచి జారసాగింది.

"మునిచంద్ర నాయక్!"

నాయక్ నవ్వు ఆగిపోయింది. ఎస్సై వెనక్కి తిరిగాడు.

"రాసుకో సార్," అంది సుభద్రమ్మ, గొంతు తగ్గించకుండా. "మునిచంద్ర నాయక్. నా మొగుడు."