కుట్టులో పోయిన అక్షరాలు

తాండూరు స్టేషన్‌లో ప్యాసింజరు బండి వచ్చి ఆగేసరికే రజియా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. చంకలో పుస్తకం, దానిమీద చుట్టిన పాత దుపట్టా. ప్రతి గురువారం ఆమె ఆ పుస్తకంతోనే వికారాబాద్ పోయేది, దానితోనే తిరిగొచ్చేది. ఈ గురువారం దాన్ని తిరిగి తెచ్చుకుంటానో లేదో ఆమెకే తెలియదు.

వికారాబాద్‌లో ఉండే స్నేహితురాలు మొగులమ్మ కూతురు పద్మారాణి ముందురోజు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మకు ట్యాబ్ కొన్న. నీ పుస్తకం స్కాన్ చేయించి అండ్ల ఎక్కిస్త. అక్షరాలు చింతగింజంత చేసుకొని సదువుకుంటది. రేపు పొద్దుగాలనే రా, నేను ఆఫీసుకు సగం దినం సెలవు పెట్టిన. ఇగ నీకు గీ తిప్పలు ఉండయి."

తిప్పలట! రజియాకు రాత్రంతా ఆ మాటే గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూ ఉంది.

అది అంగట్లో దొరికే పుస్తకం కాదు. ఎన్నడో వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. అప్పట్లో పప్పుమిల్లు వెనక సందులో రజియా, మొగులమ్మ గోడకు గోడ ఇరుగుపొరుగు. ఒక వారం పత్రిక ఈమె కొంటే మరో వారం ఆమె కొనేది. రజియా బడి మొహం ఎరగదు. మొగులమ్మ చదువుతుంటే పక్కన కూర్చుని, సబ్బుల ప్రకటనల దగ్గరా సినిమా బొమ్మల దగ్గరా ఒక్కో అక్షరం పట్టుకుని తనంతట తానే కూడబలుక్కుంది. చదివాక ఆ కాగితాలు చింపి దాచేవారు. కథ ముగిసినాక, మిల్లులో కందిబస్తాలు కుట్టే రజియా దబ్బనమూ పురికొసా తెచ్చి తానే పుస్తకం కుట్టేసింది. బస్తాలు కుట్టే చేతికి కాగితం సంగతి ఏం తెలుసు? గింజ జారకుండా బిగించినట్టే బిగించింది. కుట్టు మరీ లోపలికి పడి, కుడివైపు పేజీల్లో వరసల మొదళ్లనూ ఎడమవైపు పేజీల్లో వరసల చివర్లనూ మింగేసింది. వాళ్లిద్దరికీ అది అడ్డమేం కాలేదు. కుట్టకముందే చదివారు కనుక పోయిన ముక్కలు నోటికి వాటంతట అవే వచ్చేవి.

భర్త పోయాక మొగులమ్మ కూతురి దగ్గరికి వికారాబాద్ వెళ్లిపోయింది. తర్వాత ఆమె కళ్లలో నడిమి చూపు పోయింది. పుస్తకం పట్టుకుంటే అంచులు కనిపిస్తాయి, అక్షరాలున్న చోటంతా మసక. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదన్నారు. అప్పటినుంచి రజియా వెళ్లి, ఇన్నేళ్లలో మొగులమ్మ మరిచిపోయిన ఆ కథను చదివి వినిపిస్తోంది. గురువారానికి ఒక్క భాగం, అంతే. "ఇంకొక్కటి సదువవే" అని మొగులమ్మ ఎంత బతిమిలాడినా పుస్తకం మూసేసేది. "సీరియల్ గద అక్కా, వారం ఆగాలె" అని నవ్వేది. కథ తొందరగా అయిపోతే తనను రమ్మనడానికి ఏం మిగులుతుంది?

బండి కదిలింది. రజియాకు కదిలే బండ్లంటే భయం. సొంత అక్కను గుల్బర్గాకు తీసుకుపోయిన పెళ్లి బస్సు, భర్తను ఎక్కించుకున్న అంబులెన్సు, రెండూ కళ్లముందు నుంచే పోయాయి. పోయినవాళ్లు పోయినట్టే ఉండిపోయారు. ధారూరు దాటేదాకా ఆమె కిటికీ వైపు చూడలేదు.

వికారాబాద్‌లో పద్మారాణి స్కూటీ మీద వచ్చి ఆమెను తిన్నగా జిరాక్స్ షాపుకు తీసుకుపోయింది. షాపతను అరుణ్‌కుమార్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, రెండు బొటనవేళ్లతో విప్పార్చి చూశాడు. వెన్ను పటపటమంది. ఆ చప్పుడుకు రజియా పళ్లు బిగబట్టింది.

"గిది పుస్తకమా, కందిబస్తానా? మస్తు గట్టిగ కుట్టిన్రు. గిట్లయితే మిషన్ల పడదమ్మా. వెన్ను కోసేస్తే కాగితాలు ఒక్కొక్కటే దిగుతయి."

"కోసెయ్యి అన్నా" అంది పద్మారాణి, ఫోనులో టైము చూసుకుంటూ.

అతను పుస్తకాన్ని కటింగ్ మిషను కింద సర్ది పిడి మీద చెయ్యి వేశాడు. బారెడు కత్తి. కుట్టుకు ఇవతలగా, అక్షరాలను ఆనుకుని దాని అంచు మెరుస్తోంది. రజియాకు చెవుల్లో బండి కూత వినిపించింది. ఏం చేస్తున్నదో తెలియకుండానే కత్తి కింద చెయ్యి పెట్టేసింది.

"యా అల్లా! చెయ్యి తియ్యమ్మా!" పిడిని రెండు చేతులా పైకి ఎత్తిపట్టి అరుణ్‌కుమార్ కేక వేశాడు. "నేను సాయిబును కాకున్నా నీవల్ల అల్లా యాదికొచ్చిండు. వేళ్లు పోతుండె!"

"కుట్టు లోపట అక్షరాలున్నయి. గీడ కోస్తే సగం మాటలు పోతయి."

"అయితే ఫోన్‌తోని ఫోటోలు గుంజుకుందాం" అంది పద్మారాణి.

"ఫోటోల కూడ రావు బిడ్డా. కుట్టు కిందున్నయి."

"మరి అక్షరాలు లేకుంటే ఇన్ని దినాలు నువ్వెట్ల సదువుతున్నవు?"

"నాకు నోటికొస్తది."

పద్మారాణి మొహం ఎర్రబడింది. షాపులో జనం ఉన్నా గొంతు తగ్గించలేదు. "గదే చిన్నమ్మా. నీ నోటికొస్తది, మా అమ్మ నీ నోటి దిక్కు చూడాలె. ఆమె కండ్లతోని ఆమె సదువుకుంటే నీకు ఎట్లనో అయితున్నది. ఇయ్యనని సీదా చెప్పరాదు?"

రజియా కత్తి కిందనుంచి పుస్తకాన్ని లాక్కుని మళ్లీ దుపట్టాలో చుట్టుకుంది.

స్కూటీ ఆలంపల్లి వాడలో పద్మారాణి ఇంటి ముందు ఆగింది. మొగులమ్మ మంచం మీద కొత్త ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, పక్కచూపుతో గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.

"ఎక్కించిన్రా?"

"లేదక్కా. కోస్తనన్నడు. కోస్తే అక్షరాలు పోతయని ఒద్దన్న."

"మంచిగ చేసినవ్. ఇగ విప్పు. కుట్టింది నువ్వే గద."

ఇంత సులువుగా ఆ మాట వస్తుందని రజియా అనుకోలేదు. మంచం పక్కన నేలమీద కూలబడింది. పుస్తకం ఒళ్లోనే ఉంది, చెయ్యి మాత్రం కుట్టు మీదికి పోవడం లేదు.

"విప్పితే నువ్వే సదువుకుంటవు" అంది.

"ఔ."

"మరి నేనెందుకు రావాలె?"

గుమ్మంలో నిలబడ్డ పద్మారాణి తల తిప్పుకుంది. మొగులమ్మ ట్యాబ్‌ను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "కోడిపిల్లకు నూకలేసినట్టు వారానికొక్క ముక్క ఏస్తవు. ఎందుకేస్తవో నాకు ఎర్కలేదనుకున్నవా? నువ్వు బండెక్కిన కాడికెల్లి మల్ల గురువారం దాక నేను గోడ దిక్కు చూసుకుంట కూసుంట. గా గోడ గూడ సక్కగ కనవడదు."

"తప్పయింది అక్కా."

"తప్పొప్పులు అడగలే. విప్పు అంటున్న."

"విప్పుత. నన్ను మల్ల పిలుస్తనని మాటియ్యి."

"ఇయ్య." మొగులమ్మ తల అడ్డంగా ఊపింది. "కథల పడితే పొయ్యి మీద బువ్వ మాడిచ్చినదాన్ని. నిన్ను గూడ మరుస్తనో ఏమో, నాకేం ఎర్క? పిలుస్తనని అబద్ధం చెప్పాల్నా నీకు?"

రజియా ఆమె మొహంలోకి చూసింది. మొగులమ్మ కళ్లు ఆమె చెవి పక్కన ఎక్కడో ఆగి ఉన్నాయి. ఇన్నేళ్ల స్నేహంలో ఆ మనిషి తనకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు కూడా చెప్పడం లేదు. ఆ సంగతి ఓదార్పు కాదు. అయినా దానిమీద మనిషి కాలు మోపి నిలబడొచ్చు.

"పద్మా, ఒక సూది తేవే. లావుది. కత్తెర ఒద్దు."

పురికొస ఎండి కాగితానికి అతుక్కుపోయింది. రజియా సూదిమొనతో మొదటి ముడి వదులు చేసి, వేలిగోటితో దారాన్ని లేపింది. తొందరపడితే కాగితం చిట్లుతుంది. ఆగితే చెయ్యి మళ్లీ మొరాయిస్తుంది. ఊపిరి బిగబట్టి లాగింది. ఒక్కో రంధ్రంలోంచి దారం బయటికి వస్తుంటే వెన్ను మెల్లగా సడలింది. చివరి ముడి వీడగానే కాగితాలు ఒళ్లో విసనకర్రలా పరుచుకున్నాయి. పేజీలు గోధుమరంగుకు తిరిగినా, కుట్టుకింద దాగిన అంచు మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. దాని మీద అక్షరాలు నిన్న అచ్చయినంత నల్లగా ఉన్నాయి.

పద్మారాణి వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితాలు వరస తప్పకుండా అందుకుని, ఒక్కోదాన్ని ఫోన్‌తో ఫోటో తీస్తూ ఒకదాని మీద ఒకటి పేర్చింది.

ఫోటోలన్నీ ట్యాబ్‌లోకి ఎక్కాక, ఆ సాయంత్రం రజియా విడి కాగితాల కట్టతో తాండూరు బండి ఎక్కింది. వారమంతా వికారాబాద్ నుంచి ఫోన్ రాలేదు. మోగిందల్లా సిమ్‌కార్డు కంపెనీవాళ్లది. పనిలో ఉన్నా పక్కమీద ఉన్నా ఆమె చెవి అటే ఉండేది. తానే చేద్దామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని, బతిమిలాడినట్టు ఉంటుందని పెట్టేసింది.

గురువారం తెల్లవారింది. పిలుపు లేదు, ఇక తాను చదివి వినిపించాల్సింది ఏమీ లేదు. వెళ్తే ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి? వెళ్లకపోతే? వెళ్లకపోతే ఈసారి బండెక్కి దూరమైంది ఎవరూ కాదు, ఎక్కకుండా ఆగిపోయి దూరమైంది తానే అవుతుంది. చెప్పులు వేసుకుంది. బండిలో చంక ఖాళీగా ఉండి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆలంపల్లి ఇంటి గుమ్మంలోనే మొగులమ్మ గొంతు వినిపించింది. ఒక్కో మాట కూడబలుక్కుని, మధ్యలో ఆగి, మళ్లీ అందుకుని చదువుతోంది. ట్యాబ్‌ను చెంపకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుంది. తెర నిండా నాలుగే మాటలు.

"ఎవరు?"

"నేనే అక్కా."

"రజియానా? చేతిల ఏముంది?"

"ఏం లేదు. ఉత్తగనే వచ్చిన."

"అయితే జర కూసో. మాట్లాడకు. గా పిల్ల ఇల్లు ఇడిసి పోతున్నది, పోతదో పోదో చూడనీ."

మొగులమ్మ వేలు మళ్లీ గాజు మీద పాకింది. రజియాకు ఆ పిల్ల సంగతి తెలుసు. చెప్పలేదు. మంచం చివర కూర్చుంది. కాసేపటికి దాహం వేసింది. ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. తానే లేచి వంటింట్లో కుండలోంచి ముంచుకు తాగి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంది.