నోటితో చెప్పిన పేరు

పోయిన చలికాలంలో మా అన్నయ్య లోవెల్‌కి పక్షవాతం వచ్చింది. వేసవికల్లా కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి. మాటే రాలేదు. "వద్దు" అన్నది వచ్చింది, "మంగళవారం" అన్నది వచ్చింది. కాఫీ కావాలన్నా మంగళవారమే, కిటికీ వెయ్యమన్నా మంగళవారమే. తిట్లు మాత్రం తడుముకోకుండా వస్తాయి. మెదడులో తిట్లకి వేరే గది ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆ గదిని అన్నయ్య చిన్నప్పటి నుంచీ నింపిపెట్టుకున్నాడు కాబట్టి ఇప్పుడు కరువు లేదు.

అప్పటి నుంచి నేను తన ఇంట్లోనే ఉంటున్నాను. నా భయం ఒక్కటే. లోపల మా అన్నయ్య ఉన్నాడా, లేక అలవాటు కొద్దీ తినే, నడిచే మనిషి మాత్రమే మిగిలాడా? డాక్టర్ని అడిగితే "అంతా అర్థమవుతూనే ఉండొచ్చు" అంటాడు. ఆ "ఉండొచ్చు"తో కాపురం చేయాల్సింది ఆయన కాదు, నేను.

తను ఉన్నాడని అనిపించేది బుధవారం సాయంత్రాలే. ఆ రోజు గడ్డం గీయించుకుని, కోటు తనే తెచ్చుకుని తలుపు దగ్గర నిలబడతాడు. మా బ్యుసైరస్ ఊరి గోల్ఫ్ క్లబ్బులో పేర్లు చెప్పుకునే రోజది. గురువారం నుంచి ఆదివారం దాకా ఎక్కడో ఒకచోట పెద్ద టోర్నమెంటు జరుగుతుంది. ఎవరు బాగా ఆడతారో ముందే ఊహించి, ఒక్కో జోడీ ఒక్కో ఆటగాడి పేరు చెప్పాలి. అతను ఎంత పైన ఉంటే మనకి అన్ని పాయింట్లు. ఒకసారి వాడిన పేరు ఆ జోడీ ఆ ఏడాది మళ్లీ వాడకూడదు, వేరే జోడీ వాడుకోవచ్చు. అందుకే గొప్ప పేర్లని అందరూ చివరిదాకా పొదుపుగా దాచుకుంటారు. ఏడాది ముగిసేసరికి అట్టడుగున ఉన్న జోడీ బయటికి పోవాలి. బయట ఎదురుచూసేవాళ్ల వరసలో ఇప్పటికి మొదటికి చేరినవాడు మా పాస్టరు. ఆయన మూడేళ్లుగా ఎవరో ఒకరు మునగాలని ప్రార్థిస్తున్నాడు. అంత భక్తిగా మా కోసం ఎప్పుడూ ప్రార్థించలేదు.

అన్నయ్యకి జోడీగా ఉండే జీన్ వసంతంలో ఫ్లోరిడాకి మకాం మార్చేశాడు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. గోల్ఫ్ గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా బంతి తెల్లగా ఉంటుందని. పత్రికల్లో పండితులు ఎవరిని పొగిడితే వాళ్ల పేరు చెప్పుకుంటూ వచ్చాను. ఆ పాండిత్యం పుణ్యమా అని చివరి టోర్నమెంటు వచ్చేసరికి అట్టడుగున ఉన్నది మేమే. మా పైన కర్ట్, జోలీన్ వెట్జెల్ అనే మొగుడూ పెళ్లాలు, మాకంటే అణాపైసల తేడాతో. చివరి వారం మా ఆటగాడు వాళ్ల ఆటగాడి కంటే పైన ఉంటే మేం మిగులుతాం. లేదంటే అన్నయ్యకి బుధవారాలు ఉండవు.

ఇది చాలదన్నట్టు క్లబ్బు పెద్ద హార్లన్ బీమ్ సోమవారం ఇంటికి ఫోన్ చేశాడు. హార్లన్, అన్నయ్య ఒకే బడి, ఒకే బెంచీ.

"వెర్నా, ఈ వారం వంతు లోవెల్‌ది. పేరు వాడే చెప్పాలి."

"ఏడాదంతా నేనే చెప్పాను కదా. అప్పుడు నీ నోరు ఏ బ్యాంకులో దాచావ్?"

"అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు పాస్టరుగారు అడిగారు. ఎవరు పోయినా, రేపు తన చోటు వైపు ఎవరూ వేలెత్తి చూపకూడదట. రూలు రూలే కదమ్మా."

ఆ రూలు హార్లనే పెట్టాడు. ఎప్పుడో ఎవడో చీటీ మార్చేశాడని పెద్ద గొడవయిందట. అప్పటి నుంచి చీటీల్లేవు, ఫోన్లో చెప్పడాల్లేవు. జోడీలో ఒక వారం ఒకరు, మరుసటి వారం ఇంకొకరు లేచి నిలబడి, పదిమందికీ వినపడేలా పేరు నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వారం సున్నా. మాట పడిపోయిన మనిషికి ఇంతకంటే మంచి రూలు సైతాను కూడా రాయలేడు.

సరే, రెండు రోజుల టైముంది కదా, నేర్పిద్దాం అనుకున్నాను. పండితులందరూ ఏకగ్రీవంగా చెబుతున్న పేరు ట్రెంట్ కాల్డర్. ఆ ఏడాది మహారాజు అతనే. మేం ఇంకా వాడలేదు కూడా. టీవీలో గోల్ఫ్ పెట్టి, అన్నయ్య ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను.

"అన్నయ్యా, కాల్. కాల్ అను. తర్వాత డర్."

"వద్దు."

"వద్దంటే కుదరదు. కాల్."

"షూ," అన్నాడు అన్నయ్య.

కొత్త మాట! నాకు ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తి వెళ్లి నల్ల బూట్లు తెచ్చాను. వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు. గోధుమరంగువి తెచ్చాను. ఊహూఁ. మంచుకాలం బూట్లు అటక మీద నుంచి దించాను. అప్పుడు మాత్రం చక్కగా, స్పష్టంగా, అక్షరం పొల్లుపోకుండా ఒక తిట్టు తిట్టాడు. మర్నాడూ అంతే. నేను కాల్డర్ అనడం, తను షూ అనడం, నేను బూట్లు మొయ్యడం. మంగళవారం సాయంత్రానికి ఆ హాలు చెప్పుల కొట్టులా తయారైంది. నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. ఇంట్లో కూర్చున్న మనిషికి పొద్దస్తమానం బూట్లు ఎందుకు? పోయింది, లోపల ఏదో ఉందనుకున్నది కూడా పోయింది అనుకున్నాను.

బుధవారం క్లబ్బుకి వెళ్లేసరికి వాకిట్లో పెనం మీద సాసేజీలు చిటపటలాడుతున్నాయి. లోపల పొడుగు బల్ల చుట్టూ జోడీలన్నీ కూర్చున్నాయి. పాస్టరు కూడా వచ్చి గోడవారగా కూర్చున్నాడు, పెళ్లి అయ్యాక పిలుస్తామన్న విందుకి పెళ్లికి ముందే వచ్చినట్టు. పైనున్నవాళ్లు ముందు చెప్పాలి, అడుగునున్నవాళ్లు చివర. ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు, హార్లన్ బోర్డు మీద రాస్తున్నాడు. జోలీన్ లేచింది.

"ట్రెంట్ కాల్డర్," అంది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాళ్లూ అతన్ని దాచుకున్నారని అందరికీ తెలుసు. హార్లన్ రాసి, సుద్దముక్క పట్టుకుని మావైపు తిరిగాడు.

"లోవెల్, నీ వంతురా."

అన్నయ్య బల్ల పట్టుకుని లేచాడు. నేను తన మోచెయ్యి పట్టుకుని గొణిగాను. "కాల్డర్. కాల్ ఒక్కటి అను చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"వద్దు," అన్నాడు గట్టిగా. తర్వాత, "షూ."

బల్ల చివర ఎవరో "అయ్యో" అన్నారు. హార్లన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఇంటికి వెళతానంటున్నాడు పాపం. తీసుకెళ్లు వెర్నా. వాణ్ని ఇబ్బంది పెట్టకు."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఏం చేయాలో తోచక వంగి, మోకాళ్ల మీద కూర్చుని, తన బూటు లేసు విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టాను. అన్నయ్య కాలు లాగేసుకున్నాడు. నేను మళ్లీ పట్టుకున్నాను. తను నా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. దెబ్బేం కాదు, చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే ఇచ్చేలాంటిదే. తర్వాత మంచిగా ఉన్న చేతిని నోటి పక్కన దొన్నెలా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, పొడుగ్గా అరిచాడు.

"షూ... ఊ... ఊ..."

ఆ వెంటనే బల్ల చివర నుంచి కర్ట్ వెట్జెల్, చేతిలో బీరు గ్లాసుతో, తనకి తెలియకుండానే బదులిచ్చాడు. "షూ... ఊ..." ఇంకో ఇద్దరు అందుకున్నారు. తర్వాత గదంతా. మోకాళ్ల మీద ఉన్న నాకు వీళ్లందరికీ ఒక్కసారే మతిపోయిందేమో అనిపించింది.

"షూమేకర్," అంది జోలీన్ మెల్లగా. "గ్యారీ షూమేకర్."

అప్పుడు నా బుర్రకెక్కింది. టీవీలో ఒక బట్టతల ఆటగాడు బంతిని గుంటలో పడేసినప్పుడల్లా జనం ఇలాగే అరుస్తారు. పాపం, ఆ పెద్దమనిషిని అందరూ ఎందుకు ఛీ కొడుతున్నారా అని ఏడాదంతా జాలిపడ్డాను. వాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నారట. మా అన్నయ్య రెండు రోజులుగా తన ఆటగాడి పేరు చెబుతుంటే నేను బూట్లు మోసుకొచ్చాను.

గోడవారగా గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. "హార్లన్, అది పూర్తి పేరు కాదు కదా," అన్నాడు పాస్టరు.

హార్లన్ సుద్దముక్క అటూ ఇటూ తిప్పాడు. "నిజమే. రూలు ప్రకారం పేరు..."

నేను లేచాను. మోకాళ్లు పట్టేశాయి గానీ నోరు పట్టెయ్యలేదు. "హార్లన్ బీమ్, జూన్‌లో నువ్వు లేచి నిలబడి ఏమన్నావ్? 'నా మనిషి దుప్పి' అన్నావ్. ఆ దుప్పికి చర్చిలో పెట్టిన పేరేంటో ఇప్పుడు చెప్పు, వింటాం."

"అందరూ అతన్ని దుప్పి అనే పిలుస్తారు వెర్నా."

"ఇప్పుడు ఇక్కడ షూ అని ఎంతమంది పిలిచారు? నేను ఒక్కదాన్నే కదా పిలవంది?"

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. కర్ట్ అన్నాడు, "రాసెయ్యి హార్లన్. మేం విన్నాం." ఓడితే బయటికి పోవాల్సింది కర్టే. అతని మీద నాకున్న చిన్నాచితకా కోపాలన్నీ అక్కడే తీరిపోయాయి. హార్లన్ బోర్డు మీద షూమేకర్ అని రాశాడు, పెద్ద అక్షరాలతో. రాసి చాలాసేపు బోర్డు వైపే నిలబడి ముక్కు తుడుచుకున్నాడు.

ఇంతా చేసి షూమేకర్ అంత గొప్పవాడేం కాదు. నలభై అయిదేళ్లు, బంతిని దూరం కొట్టలేడు, తిన్నగా కొడతాడు. మహారాజుని వదిలేసి ఈ ముసలి గుర్రాన్ని ఎందుకు ఎంచుకున్నాడా అని గొణుక్కుంటూ అన్నయ్యని కారు దగ్గరికి నడిపిస్తుంటే జోలీన్ వెనకే వచ్చింది.

"మీరు కూడా కాల్డర్ అనాలని దేవుడికి మొక్కుకున్నా వెర్నా," అంది నవ్వుతూ. "ఇద్దరికీ ఒకే మనిషి అయితే మీరు ఎప్పటికీ మా వెనకే. మేం వారమంతా కాళ్లు బారచాపుకుని కూర్చునేవాళ్లం."

నేను అక్కడే ఆగిపోయాను. నిజమే కదా. వెనకున్నవాడు ముందున్నవాడి బండే ఎక్కితే దాటేదెప్పుడు? ఏ పండితుడూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. వాళ్లు కాల్డర్ని దాచుకున్న సంగతి తెలిసి, వాళ్లు అదే చెబుతారని ఊహించి, ఆ పేరు తప్ప ఇంకోటి చెప్పాలని సోమవారమే లెక్కేసుకున్న మనిషి నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కారులో కూర్చున్నాక అడిగాను. "అన్నయ్యా, ఇదంతా నీకు ముందే తెలుసా?"

అన్నయ్య నా వైపు తిరిగాడు. చిన్నప్పుడు నేను ఎక్కాలు అప్పజెప్పలేకపోయినప్పుడు చూసిన చూపే. "గాడిదా," అన్నాడు, స్పష్టంగా.

నన్నెవరూ అంత తియ్యగా తిట్టలేదు. నవ్వుతూ, ఏడుస్తూ బండి తాళం తిప్పాను. ఉన్నాడు. మా అన్నయ్య లోపలే ఉన్నాడు, ఉన్నవాడు ఉన్నట్టే ఉన్నాడు, నా తెలివి మీద పాత అభిప్రాయంతో సహా. టోర్నమెంటు ఏమైతే నాకేంటి అనిపించింది.

అలా అనిపించింది కారులోనే. ఆదివారం నాటికి గోళ్లు మిగల్లేదు. షూమేకర్ మధ్యాహ్నానికే ఆట ముగించి, గొప్పా కాదు చెత్తా కాదు, పందొమ్మిదో స్థానంలో కూర్చున్నాడు. కాల్డర్ ఇంకా ఆడుతున్నాడు, పన్నెండో స్థానంలో. మిగిలినవి మూడు గుంటలే. నేను టీవీ ముందు నిలబడి, ఎవరికీ చెడు తలపెట్టని మా అమ్మ పెంపకాన్ని పక్కన పెట్టి, ఆ కుర్రాడికి చెడు జరగాలని కోరుకున్నాను. అతను కొట్టిన బంతి చెరువులో పడింది. కోపం కొద్దీ ఇంకోటి కొట్టాడు, అదీ అందులోనే. తెర కింద అంకెలు మారాయి. కాల్డర్ ఇరవై ఆరు.

నేను సోఫాలో కూలబడ్డాను. బుధవారాలు ఉంటాయి. గడ్డం గీయడాలు ఉంటాయి, తలుపు దగ్గర కోటు ఉంటుంది. అన్నయ్య నా వైపు చూసి, పళ్లెంలో మిగిలిన బంగాళదుంప సలాడు తన వైపు లాక్కున్నాడు.

ఫోన్ మోగింది. హార్లన్.

"మిగిలారు వెర్నా. కర్ట్ వాళ్ల కుర్చీ పాస్టరుగారికి వెళుతుంది, ఆయన ప్రార్థనా ఫలించింది. లోవెల్ ఎలా ఉన్నాడు? సంతోషపడ్డాడా? వాడికి అసలు తెలిసిందా?"

ఎనిమిది నెలలుగా అందరూ ఇలాగే అడుగుతున్నారు. కిరాణా కొట్టులో, చర్చిలో, ఆస్పత్రిలో, తను పక్కనే ఉండగా, తన తల మీదుగా నన్ను అడుగుతారు. నేనూ జవాబు చెబుతూ వచ్చాను. తింటున్నాడు, పడుకుంటున్నాడు, బానే ఉన్నాడు అని.

"ఉండు," అన్నాను. "అన్నయ్యనే అడుగు."

"అది కాదు వెర్నా, వాడు ఏం చెప్పగలడు..."

"నీకు తొందరేం ఉంది? ఆదివారమే కదా."

ఫోన్ అన్నయ్య చేతిలో పెట్టాను. జబ్బు చేసినప్పటి నుంచి తను ఫోన్ ముట్టుకోలేదు. దానివైపు చూశాడు, నావైపు చూశాడు, చెవికి ఆనించుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెల ముందు నిలబడ్డాను. హాల్లోంచి చాలాసేపు ఏ మాటా వినపడలేదు. హార్లన్ ఫోన్ పెట్టెయ్యలేదు. అన్నయ్యా పెట్టెయ్యలేదు. నేను సాయానికి వెళ్లలేదు.