ఇటలీ నుంచి వచ్చిన అడుగులు

పొద్దున్నే మగ్గం గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుంటాడు చెంగయ్య. నాలుగు పోగులు నేస్తాడో లేదో, లేచి వాకిట్లో పచార్లు చేస్తాడు. మళ్లీ కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. నగరిలో ద్రౌపదమ్మ తిరునాళ్లకి భారతం ఆడే మేళంలో ఇన్నేళ్లూ ద్రౌపది వేషం అతనిదే. పోయిన చలికాలం గొంతులో పుండు లేస్తే మద్రాసులో ఆపరేషన్ చేశారు. పుండుతోపాటు గొంతూ పోయింది. గుసగుస మాత్రం మిగిలింది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడది. కొడుకు దామోదరానికి మైకుసెట్ల అంగడి ఉంది. మూర్ మార్కెట్లో పాత రికార్డుల మూట కొంటే అందులో ఇటలీది ఒకటి వచ్చింది. ఇంట్లో పెట్టి చూశాడు. ఫిడేళ్లు, బాకాలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి.

"ఇది మొదట అడుగులేసి ఆడే ఆట కోసం కట్టిన సంగీతమంట నాయనా," అన్నాడు దామోదరం. "తర్వాత ఆ కట్టినాయనే ఆట తీసేసి, కూసోని వినేదానికి మార్చినాడంట. అంగడాయన చెప్పినాడు."

"మరి ఆ ఆట యాడికి పోయింది?" గుసగుసగా అడిగాడు చెంగయ్య.

మర్నాడు రికార్డు పెట్టగానే ఆ ఆట ఇంట్లోకి వచ్చింది. అప్పుడే అలికిన తడి నేల మీద పాదాల గుర్తులు పడసాగాయి. మనిషి మాత్రం కనిపించలేదు. సంగీతం ఆగితే ఆ అడుగులు ఎటు పోవాలో తెలియనట్టు గడప దగ్గర తచ్చాడాయి.

"మళ్లా అలకాల," అని విసుక్కుంది చెంగయ్య భార్య దేవకమ్మ. అంతలోనే మనసు మెత్తబడి, "ఎంత దూరం నించి వచ్చిందో," అంటూ గడప పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది.

చెంగయ్య రోజూ ఆ గుర్తుల్లో అడుగులు వేయసాగాడు. అవి తిరిగిన వైపు తిరగలేక తూలేవాడు. అయినా మానలేదు.

తిరునాళ్లు దగ్గరపడ్డాక మేళం నడిపే మునిస్వామి వచ్చాడు. "ఏమనుకోవద్దప్పా. ఈ ఏడు ద్రౌపదిని పుత్తూరాయనకి ఇస్తుండా. పాట లేకుంటే జనం ఒప్పుకోరు. నువ్వు తెర పట్టుకో."

చెంగయ్య గడప దగ్గరి అడుగుల గుర్తుల వైపు చూశాడు.

"దుర్యోధన వధ పొద్దు ఒక్కటి నాకియ్యి," అన్నాడు. "పాటొద్దు. మద్దెల చాలు."

మునిస్వామి అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

ఆ ఉదయం బయల్లో మట్టితో చేసిన దుర్యోధనుడు ఎండలో పడుకుని ఉన్నాడు. చెంగయ్య జుట్టు విరబోసుకుని దిగాడు. మద్దెల మోగగానే, ఇంట్లో పడ్డ ఆ అడుగుల గుర్తులే అతని ముందు దుమ్ములో పడుతుంటే జనం పక్కకు జరిగి దారిచ్చారు. అతను వాటి వెనకే తిరిగాడు. వేగం పెరిగింది. కాసేపటికి అతని ముందు నడిచే గుర్తులు లేవు. ఉన్నవన్నీ చెంగయ్య అడుగులే. సభలో జుట్టు పట్టి ఈడ్చిన అవమానం, ఇన్నేళ్ల కోపం ఆ పాదాల్లో కనిపించాయి. దుర్యోధనుణ్ణి కొట్టడానికి చీపుర్లు ఎత్తిన ఆడవాళ్ల చేతులు అలాగే ఉండిపోయాయి. పుత్తూరాయన కళ్లు తుడుచుకున్నాడు. ఉండబట్టలేక పాట అందుకోబోయిన మునిస్వామి నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత రికార్డు ఎన్నిసార్లు పెట్టినా దేవకమ్మ నేల శుభ్రంగానే ఉంది.

ఎండలు తగ్గకముందే సత్యవేడు పెద్దలు తమ ఊళ్లో ఆటకి తాంబూలం తెచ్చారు. "ఆ పాడని ద్రౌపదే మాకు కావాల," అన్నారు.

మేళం బస్సెక్కిన రోజు, ఎప్పుడూ ఊరు దాటి ఆట చూడ్డానికి పోని దేవకమ్మ కూడా ఎక్కింది. వేషం పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.