పొన్ని టిఫిన్ డబ్బా

మా అమ్మమ్మ ఎల్లక్కకు తమిళం రాదు. అయినా తమిళనాడు నుంచి గెలిచిన ఒక ఎంపీ మాట్లాడిన వీడియోలన్నీ నా ఫోన్‌లో పెట్టించుకుని చూస్తుంది. ఆ ఎంపీ పేరు పొన్మణి. అమ్మమ్మకు మాత్రం పొన్ని.

పొన్ని పుట్టింది మా దగ్గరి బొగ్గు గని కాలనీలోనే. వాళ్ల నాన్న ముత్తయ్య తమిళాయన, గనిలో ఫిట్టర్. మా తాత పనీ అదే గనిలో. రెండు క్వార్టర్ల మధ్య ఒకటే గోడ. వాళ్లమ్మ ఇడ్లీ పిండి రుబ్బితే సగం ఇటు వచ్చేదట, అమ్మమ్మ మొక్కజొన్నలతో మక్క గారెలు చేస్తే సగం అటు పోయేవట. ఇక్కడి తెలుగు బడిలో చదువుకున్న పొన్ని, నాన్న పోయాక తమిళనాడు వెళ్లి వకీలు అయింది. ఉప్పు మళ్లలో పనిచేసే ఆడవాళ్ల కేసులు వాదించింది. రెండుసార్లు ఎన్నికల్లో ఓడిపోయి మూడోసారి గెలిచింది. ఆ రోజు అమ్మమ్మ మా ఊళ్లో చక్కెర పంచింది.

"ఎవలకు ఏమైందని పంచుతున్నవ్?" అని పక్కింటి జానకీబాయి అడిగింది.

"నా బిడ్డ గెలిచింది."

"నీ బిడ్డ గీడనే పత్తి చేన్ల కలుపు తీస్తుంది గద."

"గామె చిన్నబిడ్డ. ఈమె పెద్దబిడ్డ."

మొన్న ఎండాకాలం పొన్మణి ఇంటర్వ్యూ ఒకటి చూశాం. కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు వస్తుంటే నేను ఆపి ఆపి చదివి, అర్థమైనంత అమ్మమ్మకు చెప్పాను. చిన్నప్పటి సంగతి అడిగితే పొన్మణి ఇలా చెప్పింది: "మా కాలనీలో షిఫ్టుకు పోయే మనిషిని ఎవరూ వెనక నుంచి పిలవరు. ఏమన్నా మరిచిపోతే ఉరికి, దాటి, ముందుకు పోయి నిలబడాలి. ఒకరోజు నాన్న టిఫిన్ డబ్బా మరిచిపోయాడు. నేను గడప మీద నుంచే 'అప్పా' అని పిలిచాను. వెనక్కి వచ్చి, తీసుకుని వెళ్లాడు. ఆ రోజే గనిలో పైకప్పు కూలి నాన్న పోయాడు. ఇప్పటికీ నా కొడుకును కూడా వెనక నుంచి పిలవను."

చివరి మాట అంటూ నవ్వబోయింది, నవ్వు సరిగ్గా రాలేదు.

అమ్మమ్మ ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది. "గంత పెద్దదైంది, ఇంక గదే మోస్తున్నదా?" అంది. "కప్పు పగిలిందని ముందునాడే మీ తాత వచ్చి చెప్పిండు. పై సార్లకు చెప్పిన్రు, ఎవ్వలు వినలే. గీ పిల్ల పిలిస్తే కూలిందా అది?"

"అప్పుడే ఆమెకు చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పుదు? కర్మలు కాంగనే రైలెక్కిన్రు. పొన్ని నా మొకం దిక్కు సుత చూడలే. ఒక్కసారి కలిసి ఎదురుంగ చెప్పాలె బిడ్డా. దాని మనసుల నుంచి అది తీసెయ్యాలె."

అలా అంటుంది గానీ, అమ్మమ్మ కూడా మమ్మల్ని వెనక నుంచి పిలవదు. నేను బడికి పోతూ పెన్ను మరిచిపోతే, మోకాళ్ల నొప్పులతోనే సందులోంచి అడ్డం వచ్చి నా ముందు నిలబడుతుంది.

వానాకాలంలో బాలమల్లు మామ కబురు తెచ్చాడు. ఆయన అమ్మమ్మ అక్క కొడుకు, గని యూనియన్‌లో తిరుగుతాడు. గనులు చూసే పార్లమెంటు కమిటీ కరీంనగర్ వచ్చిందట, అందులో పొన్మణి ఉందట. రేపు గని చూసి, గెస్ట్‌హౌస్‌లో భోంచేసి, ఆదిలాబాద్ పోతారట. అమ్మమ్మ తెల్లారే లేచి పచ్చి మక్కలు రుబ్బింది. స్టీలు డబ్బా నిండా గారెలు సర్ది, కొంగు కింద చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

గెస్ట్‌హౌస్ ముందు చాలామంది ఉన్నారు. పోలీసులు మమ్మల్ని జరుపుతూ జరుపుతూ మెట్ల పక్కకు తోశారు. పొన్మణి బయటికి వచ్చేసరికి మేము ఆమె వెనక ఉన్నాం. నెరిసిన జుట్టు, నూలు చీర. మావైపు చూడకుండానే కారు దిక్కు నడవసాగింది.

"పిలువు చిన్నమ్మా, పోతుంది," అన్నాడు మామ.

"పోయే మనిషిని ఎట్ల పిలుస్తర్రా?"

"అయితే నేను పిలుస్త."

"పిలిచినవంటే నీతోని మాట్లాడ."

"గట్లయితే గారెలు ఇంటికి పోయి మనమే తిందాం తియ్యి."

అమ్మమ్మ నా వైపు చూసింది. క్లాసులో హాజరు పిలిస్తే 'ఉన్నాను సార్' అన్నది కూడా సార్‌కు వినపడదు, అంత చిన్నది నా గొంతు. కానీ ఇక్కడ గొంతుతో పని లేదు, కాళ్లతోనే పని. కార్ల పక్కనుంచి ఉరికి, చుట్టూ తిరిగి, పొన్మణి ముందుకు పోయి నిలబడ్డాను. గన్‌మన్ నా భుజం పట్టుకున్నాడు.

"ఏమ్మా?" అంది పొన్మణి తెలుగులోనే. నేను వెనక్కి చెయ్యి చూపించాను.

"అక్కడి నుంచా వచ్చినవ్? పిలువచ్చు గద."

"అమ్మమ్మ వద్దన్నది."

ఆమె ముఖం మారిపోయింది. తిరిగి చూడకుండానే అడిగింది. "ఎల్లక్కనా?"

నేను తలూపాను.

పొన్మణి గబగబా వెనక్కి వెళ్లి అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "ముసలిదానివైనవ్ ఎల్లక్కా."

"నువ్వేమన్న పడుచుపిల్లవా?"

ఇద్దరూ నవ్వారు. అమ్మమ్మ ఇంక ఆగలేదు. కప్పు పగిలిన సంగతి, తాత చెప్పిన సంగతి, సార్లు వినని సంగతి అంతా చెప్పింది. పొన్మణి మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"నాకు తెలుసు ఎల్లక్కా. వకీలునైనంక మొదలు గా కేసే అడిగి చదివిన. తప్పు ఎవలదో తెలుసు. తెలిసినా, పోయేటోళ్లను పిలువబోతే నోరు రాదు. నన్ను ఎవలన్న పిలిచినా గుండె ఆగినట్టయితది."

ఇన్ని నెలలుగా అమ్మమ్మ చెప్పాలనుకున్న మాట పొన్నికి ముందే తెలుసు, తెలిసినా పనికి రాలేదు.

ఆఫీసరు ఒకాయన వచ్చి ఆలస్యమవుతోందన్నాడు. పొన్మణి నా ఫోన్ నంబరు తీసుకుని, అమ్మమ్మ చెంప నిమిరి వెళ్లసాగింది. అప్పుడు చూశాను, డబ్బా అమ్మమ్మ కొంగు కిందే ఉంది. నేను మళ్లీ ఉరకబోతే అమ్మమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది.

"పొన్నీ," అని పిలిచింది.

గట్టిగానే పిలిచింది. మామ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పొన్మణి కాలు ఆగింది. భుజాలు బిగుసుకున్నాయి. మెల్లగా తిరిగింది.

"టిఫిన్ డబ్బా మరిచిపోయినవ్," అంది అమ్మమ్మ.

పొన్మణి వెనక్కి వచ్చింది. "ఎంత పని చేస్తివి ఎల్లక్కా."

"పిలిచిన. ఏం కాదు. పోయి రా. చేరినంక ఫోన్ చెయ్యి."

"నీకు భయం కాలేదా?"

"నాకెందుకు భయం?" అంది. అందించిన డబ్బాను మాత్రం వెంటనే వదల్లేదు. అది పొన్మణీ చూసింది. డబ్బా తీసుకుని కారెక్కి ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ బువ్వ ముట్టలేదు. ఫోన్‌లో చార్జింగ్ ఉందా అని అడిగింది, మళ్లీ అడిగింది. ఆదిలాబాద్ రోడ్డు మీద లారీలు బాగా తిరుగుతాయా అని మామను అడిగింది.

"ఏం పరేషాన్ అయితున్నవ్ చిన్నమ్మా? ఏం కాదని నువ్వే అంటివి గద."

"నేనెక్కడ పరేషాన్ అయిన? పొద్దుటిది అరగలే."

"పొద్దున సుత ఏం తినకపోతివి."

దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగింది. నేను స్పీకర్ పెట్టాను.

"చేరిన ఎల్లక్కా. ఆదిలాబాద్‌ల ఉన్న. గారెలల్ల ఉప్పు ఎక్కువైంది."

"ఉప్పు మళ్ల ఎంపీవి, నీకు గట్లనే ఉంటది," అంది అమ్మమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"డబ్బా పంపియ్యాలె గద?"

"పంపియ్యకు. నువ్వే తెచ్చియ్యి."

"ఇంటికి ఫోన్ చేసిన ఎల్లక్కా," అంది పొన్మణి. "నేను ఇంటికి పోయినంక కొడుకు ఊరికి పోతడట. చూస్త, వెనక నుంచి పిలువ వశమైతదేమో."

అమ్మమ్మ ఆ తర్వాతే బువ్వ తిన్నది.

మరునాడు నేను బడికి పోతుంటే వెనక నుంచి "జ్యోతీ" అని వినిపించింది. గొంతు చిన్నగా, నా గొంతులాగే ఉంది. తిరిగి చూస్తే అమ్మమ్మ గడప మీదే నిలబడి నా పెన్ను చూపిస్తోంది. వెనక్కి వెళ్లి తీసుకున్నాను. ఏమీ కాదన్నట్టు చెయ్యి ఊపింది.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఆ గడప మీదే కూర్చుని దారి చూస్తోంది.